పన్నెండు నుంచి రెండున్నర దాకా

మా అబ్బాయి పోయిన వారం మందుల షాపుకి కొత్త బోర్డు ఒకటి రాయించుకొచ్చాడు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు గంటల వరకు సెలవు. షాపు పెట్టింది నేనే అయినా, ఇప్పుడు నడుపుతున్నది వాడే. విశాఖపట్నం ఎండల్లో మధ్యాహ్నం పూట మా వీధిలో కుక్క కూడా తిరగదు. పక్క షాపులవాళ్ళు ఎప్పుడో మూసేయడం మొదలుపెట్టారు. వాడి మాటలో తప్పేమీ లేదు. అయినా ఆ బోర్డు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. లాక్కెళ్ళి నా మంచం కింద పడేశాను. ఆ పూట అన్నం కూడా తినలేదు. "మనిషన్నాక కాస్త నడుం వాల్చుకోవద్దా నాన్నా?" అని వాడు నెమ్మదిగానే అడిగాడు. డెబ్బై దాటిన ముసలాణ్ణి, చిన్నపిల్లాడిలా గోడవైపు తిరిగి పడుకున్నాను. మూడు రోజులనుంచి ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. చెప్పాల్సింది నోటితో చెప్పలేను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను కాంపౌండరు చదువు కోసం రంగం వెళ్ళాను. మా వైపు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. భీమిలి చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా రంగంలో ఒక మనిషి ఉండేవాడు, నూటికి తొంభై మంది ఓడల దగ్గర మూటలు మోయడానికి పోయినవాళ్ళే. చదువుకోవడానికి పోయినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. బడిపంతులైన మా నాన్నకి అది గొప్ప. అక్కడ ఒక ఫ్రెంచి దొరకి పెద్ద మందుల షాపు ఉండేది. ఆయన దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుని, నేర్చుకున్నట్టు ఆయన చేత కాగితం రాయించుకుంటేనే సర్కారు పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ కాగితం లేకపోతే రెండేళ్ళూ నీళ్ళలో కలిసినట్టే. ఇంటికి ఉత్తరం రాసినప్పుడల్లా నాన్న అడిగేది ఒకటే, దొరగారు నీ మీద దయగా ఉన్నారా అని.

ఉండడం బోటాటౌంగ్‌లో, జట్టీల వెనక సందులో, పైడమ్మ ఇంట్లో. పైడమ్మది కళింగపట్నం దగ్గర ఏదో పల్లె. మొగుడు జట్టీ మీద పనిచేస్తూ పోయాక, ఆ జట్టీ మనుషులకే అన్నం వండిపెట్టి బతికేది. పన్నెండు మంది మగాళ్ళు, పైడమ్మ, కూతురు రావులమ్మ, ఆ కూతురి కూతురు గౌరి, వీళ్ళకి తోడు నేను. పైడమ్మని నేను పిన్నమ్మా అనేవాణ్ణి. ఆ ఇంటికి గడియారం లేదు, అవసరమూ లేదు. జట్టీ మీద ఆవిరి కూత కూసేది. తెల్లారగట్ల ఒకటి, పన్నెండుకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, సాయంత్రం ఐదుకి ఒకటి. తెల్లారి కూతకి చోడి అంబలీ, ఉల్లిపాయా. పన్నెండు కూత అయిన అయిదు నిమిషాలకి బంతి వేసేది. ఒంటిగంట కూత కూసేసరికి కంచాలు కడిగి బోర్లించి ఉండేవి. సాయంత్రం కూత తర్వాత ఒంటిమీద బస్తాల దుమ్ము కడుక్కుని దీపం పెట్టే వేళకే తినేసి పడుకునేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ పచ్చిమిర్చి తాలింపు వాసన, పక్కింటి బర్మావాళ్ళ నప్పి వాసన, నది బురద వాసన కలిసి ఉండేవి. మొదట్లో ఆ నప్పి, అదే పులిసిన ఎండుచేపల ముద్ద, నాకు కడుపులో తిప్పేది. ఆర్నెల్లు పోయాక అది లేకపోతే ఇంటికొచ్చినట్టే ఉండేది కాదు.

దొర షాపు లెక్క వేరు. పొద్దున్న ఎనిమిదికి తెరవడం, సరిగ్గా పన్నెండుకి మూయడం, మళ్ళీ రెండున్నరకి తెరిచి రాత్రి ఏడు దాకా ఉంచడం. ఇంగ్లీషువాళ్ళ ఆఫీసులు, బజారులో గుజరాతీల కొట్లు, చీనావాళ్ళ దుకాణాలు అన్నీ తెరిచి ఉన్న వేళ మాది ఒక్కటే మూసి ఉండేది. వాళ్ళ దేశంలో అంతేనట. మధ్యాహ్నం భోజనం అంటే కూర్చుని తినాలి, తిన్నాక పడుకోవాలి. దొరా, దొరసానీ మేడమీద ఉండేవాళ్ళు. కింద షాపుకి కాపలా నేను. వీధివైపు తలుపు అంటే అంకెలు వేసిన తొమ్మిది చెక్క పలకలు. పన్నెండుకి ఒక్కొక్కటే గాడిలో దించి, లోపల గడియ పెట్టి, ఆ చీకట్లో కూర్చోవాలి. రోలు చప్పుడు కాకూడదు. సీసా సీసాకి తగలకూడదు. ఓసారి నా చేతిలోంచి గరిటె జారితే పైనుంచి చేతికర్రతో నేలమీద మూడుసార్లు కొట్టాడు దొర. ఆ తర్వాత పదిరోజులపాటు నేను తుమ్మొచ్చినా ముక్కు పట్టుకునే కూర్చున్నాను.

ఆ వేళలకి అలవాటుపడడానికి నాకు ఏడాది పట్టింది. పైడమ్మ బంతి వేసేటప్పుడు నేను షాపులో ఉండేవాణ్ణి, పొద్దున్న కట్టించుకున్న చల్లారిన అన్నం తింటూ. నేను రాత్రి ఇల్లు చేరేసరికి అందరూ పడుకునేవాళ్ళు. నా కంచం మీద మూత పెట్టి ఉండేది. దాని పక్కన గౌరి ఒక్కతే మేలుకుని ఉండేది. నాలుగేళ్ళ పిల్ల. పిల్లి రాకుండా కాపలా కాస్తున్నానని పెద్ద గొప్పగా చెప్పేది. నేను తిని లేచేదాకా కూర్చుని, చివరి ముద్ద తనకి పెట్టించుకుని అప్పుడు వెళ్ళి అమ్మ పక్కన పడుకునేది. ఆదివారం ఒక్కరోజే నేను అందరితో బంతిలో కూర్చునేది. ఆ రోజు నన్ను ఏడిపించని మనిషి లేడు.

"ఏటి బాబూ, మీ దొరకి పట్టపగలే రాత్రి అయిపోతాదేటి?" అనేది పైడమ్మ వడ్డిస్తూ.

"ఆ ఉజ్జోగం నాకిప్పించీ బాబూ," అనేవాడు అప్పలసామి. జట్టీ మీద క్రేను దగ్గర పని వాడిది. "క్రేను ఆపీసి నేనూ పడుకుంటాను. మేస్త్రీ వొచ్చి లేపితే, ఫ్రాన్సు టయిమండీ అంటాను."

నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. వీళ్ళందరూ కూతకి లేచి కూతకి కూర్చునే మనుషులు, నేను వేరు అనిపించేది. ఇరవై ఏళ్ళ వయసు, మెడ మీద తల నిలవని వయసు.

ఇప్పుడు ఒక సంగతి సూటిగా చెప్పాలి. ఆ షాపుకి పక్కసందులో ఒక గంట ఉండేది. ఇత్తడి పిడి లాగితే మేడమీద మోగేది. డాక్టరు చీటీ తెచ్చినవాళ్ళ కోసం అది. అది మోగితే మధ్యాహ్నమైనా, అర్ధరాత్రయినా దొరే స్వయంగా దిగొచ్చి మందు ఇచ్చేవాడు. విసుక్కునేవాడు కాదు. రెండేళ్ళలో పదిసార్లయినా చూశాను. పడుకున్న దొర లేవడానికి డాక్టరు చీటీ చాలు. చీటీ లేనివాడు మాత్రం సబ్బుకీ, సెంటుకీ వస్తే రెండున్నర దాకా బయటే ఉండాలి. దొర ధర్మం అది. అందులో నాకిప్పటికీ తప్పు కనపడదు.

రెండో ఏడు చివర్లో, ఇంకో రెండు నెలల్లో నా కాగితం చేతికొస్తుందనగా, అప్పలసామి ఒక మధ్యాహ్నం ఆ పలకలు దబదబ బాదాడు. తాడు జారి వేళ్ళు చీరుకుపోయాయి. పైపైన గీతలే, కానీ రక్తం చూసి కంగారుపడ్డాడు. "బాబూ, నేను, అప్పలసామిని, బేగి తియ్యి, కాస్త మందు పుయ్యి," అని వీధి వీధంతా వినపడేలా అరుపు. అంతకుముందు కూడా ఇద్దరు ముగ్గురు ఇలాగే తలనొప్పి నూనెకనీ, చెవిపోటుకనీ వచ్చారు. వాళ్ళని సందులోంచి గుట్టుగా పంపేశాను. ఈసారి దొర దిగొచ్చాడు. పొడుగు చొక్కాతో, కాళ్ళకి చెప్పులు లేకుండా. అప్పలసామి వేళ్ళకి తనే కట్టు కట్టి పంపించాడు. తర్వాత నావైపు తిరిగి, ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా తూచినట్టు అన్నాడు: "వీళ్ళు నీ మనుషులు. నా తలుపుని నీ ఇంటి తలుపు చేశారు. ఇంకొక్కసారి జరిగితే నేను కాగితం రాయను."

ఆ రాత్రి పరుగులాంటి నడకతో ఇంటికెళ్ళాను. మా నాన్న ముఖమే కళ్ళముందు. ఎప్పుడూ అందరూ పడుకున్నాక చప్పుడు చేయకుండా చేరేవాణ్ణి, ఆ రోజు వెళ్ళి పడుకున్నవాళ్ళందర్నీ లేపాను. "రేపట్నుంచి ఎవరూ ఆ తలుపు తట్టకండి. మధ్యాహ్నం పూట ఆ షాపు దిక్కే రాకండి. చచ్చిపోతున్నా సరే తట్టకండి. ఎవరూ తియ్యరు," అని అరిచాను. గంట సంగతి చెప్పలేదు. గుర్తు లేక కాదు. చెబితే రేపు ప్రతివాడూ ఆ గంట లాగుతాడని భయం. వీళ్ళకి చీటీకీ సబ్బుకీ తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకున్నాను, అదే మాట రాస్తున్నాను.

అప్పలసామి తల వంచుకున్నాడు. పైడమ్మ లేచి నిలబడి అందరివైపూ చూసింది. "ఇన్నారా? పిల్లడి సదువు పోద్ది. ఎవలైనా ఆ తలుపు ముట్టుకున్నారంటే ఈ ఇంట్లో కంచం ఎయ్యను. సెప్పీసినాను," అంది. ఆ మాటతో నాకు గుండె కుదుటపడింది. పైడమ్మ చెప్పిందంటే ఆ ఇంట్లో సర్కారు హుకుం కన్నా ఎక్కువ.

తర్వాత నెలన్నర ఎవరూ రాలేదు. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా గడిచేవి. నేను కూడా తెలియకుండానే ఫ్రెంచివాణ్ణి అయిపోయాను. మొదటి ఏడాది ఆ చీకట్లో కళ్ళు పొడుచుకుని మందుల పేర్లు వల్లించేవాణ్ణి. ఇప్పుడు అన్నం తినగానే బల్ల వెనక చాప పరుచుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణి. రెండున్నరకి ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేది.

ఆ రోజు వానలు ఇంకా పడలేదు, ఉక్క భరించలేనట్టు ఉంది. పన్నెండు కూత నదివైపు నుంచి వినపడుతుండగా తొమ్మిదో పలక దించాను. కాసేపటికి బయట మెట్టు మీద ఎవరో కూలబడ్డ చప్పుడైంది. చేతి కడియాలు గలగలలాడాయి. పలకల కింద వేలెడు సందు ఉండేది. అందులోంచి నీరుకావి చీర అంచు కొంచెం కనపడింది. మా షాపు ముందు పందిరి నీడ ఉండేది కాబట్టి పళ్ళమ్మే ఆడవాళ్ళు ఎప్పుడూ ఆ మెట్టు మీదే సేదతీరేవాళ్ళు. అలాంటి మనిషే అనుకున్నాను. లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే మంచినీళ్ళు అడుగుతుందేమోనని కదలకుండా అన్నం తిన్నాను. తర్వాత పడుకున్నాను. నిద్రలో ఒకసారి కడియాల చప్పుడు మళ్ళీ విన్నట్టు గుర్తు. ఒంటిగంట కూత కూడా విన్నాను.

రెండున్నరకి మొదటి పలక తీశాను. మెట్టు మీద పైడమ్మ.

"తెరిసీసినావా బాబూ," అంటూ లేచింది. చేతిలో చెమటకి తడిసిన చీటీ. "గౌరికి గొంతు మూసుకుపోతంది. పొద్దుట్నుంచి ఊపిరి ఆడట్లేదు. డాక్టరు బాబు వొచ్చి సూసి ఇది రాసినాడు. ఇది మీ దొరకాడే దొరుకుతాదట, తెచ్చీస్తే సూదెయ్యడానికి కాసుకుని ఉంటానన్నాడు. బేగి ఇప్పించీ."

చీటీ చూశాను. కంఠసర్పికి, అదే డిఫ్తీరియాకి, వేసే సీరం. మా షాపులో ఐసుపెట్టెలో ఉండేది. ఆ జబ్బులో గంట గంటకీ తేడా ఉంటుందని నాకు అప్పటికే పాఠం అయింది.

"ఎప్పుడొచ్చావు పిన్నమ్మా?"

"పన్నెండు కూత కూసినప్పుడు. అప్పుడే నువ్వు పలకలు దించీసినావు. ఒంటిగంట కూతకి తీస్తావు కదా అని కూకున్నాను. కూత కూసీసింది గానీ మీరు తియ్యలేదు. ఇప్పుడు తీస్తారు, ఇప్పుడు తీస్తారు అని సూస్తన్నాను."

 ఒంటిగంట కూత దాటాక కూడా మూసి ఉండే తలుపు ఆమె బతుకులో ఎక్కడా లేదు. రెండున్నర అని నేను వాళ్ళకి ఎన్నోసార్లు చెప్పాను. కానీ గడియారం లేని ఇంట్లో రెండున్నర అంటే ఏమిటో చెప్పలేదు.

"పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సింది కదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అంటుజబ్బు గదిలో పిల్లని లాగీసుకుంటారు బాబూ. తల్లిని రానియ్యరు. డాక్టరు బాబు కూడా ఇదే బేగి అవుద్దన్నాడు," అంది. "తట్టలేను కదా. నీ కాయితం పోద్ది."

దొర అప్పుడే మెట్లు దిగి వస్తున్నాడు. చీటీ చూశాడు, మనిషిని చూశాడు. వెంటనే ఐసుపెట్టె తెరిచి, సీరం గుడ్డలో చుట్టి, చుట్టూ ఐసు ముక్కలు పెట్టి నా చేతికిచ్చాడు. తనే వీధిలోకి వెళ్ళి రిక్షా పిలిచాడు. మేం ఎక్కుతుంటే అడిగాడు, "ఈవిడ ఎంతసేపటినుంచి ఉంది?" చెప్పాను. "గంట ఎందుకు కొట్టలేదు?" అన్నాడు. నేను రిక్షావాణ్ణి పొమ్మన్నాను.

డాక్టరు సూది వేసేసరికి మూడు దాటింది. గౌరి పెదాలు నీలంగా ఉన్నాయి. రావులమ్మ ఒళ్ళో పడుకుని, ఊపిరి తీసినప్పుడల్లా చిన్న మెడ లోపలికి గుంటపడుతోంది. నన్ను చూసింది. గుర్తుపట్టిందనే అనుకుంటున్నాను. నాలుగున్నర దాకా ఆ ఊపిరి చప్పుడు విన్నాను. సాయంత్రం కూత కూయకముందే అది ఆగిపోయింది. జట్టీ నుంచి మగాళ్ళు వచ్చేసరికి పైడమ్మ పిల్లకి నీళ్ళు పోసి కొత్త గౌను తొడిగేసింది.

వాకిట్లో నన్ను పక్కకి పిలిచి డాక్టరు అన్నాడు, పన్నెండుకే వేసినా బతికేదని చెప్పలేననీ, నిన్ననే గొంతు చూపించాల్సిందనీ. మంచి మనిషి. ఆ మాట నేను ఎన్నివేల సార్లు తలుచుకున్నానో లెక్కలేదు. మంచాన పడి లేచిన మనిషి కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అయినా నన్నది నిలబెట్టలేదు. చెప్పలేనన్నాడు. బతికేది కాదనలేదు.

నాలుగోరోజు షాపుకి వెళ్ళాను. ఎదురుగా తమలపాకులు అమ్మే బర్మా ఆవిడ ఉండేది, డా మ్యా అని పిలిచేవాళ్ళం. డా అంటే మన గారు లాంటిది. ఆవిడ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. బర్మీసూ హిందుస్తానీ కలిపి చెప్పింది. ఆ ఉక్కలో ఆ మనిషిని చూసి జాలేసి, చేతిలో చీటీ చూసి, సందులోకి వేలు చూపించి గంట లాగమని తను చెప్పిందట. చెయ్యి పట్టుకుని లేవదీయబోయిందట కూడా. పైడమ్మ రెండు చేతులూ జోడించి వద్దు వద్దు అందట. "పిల్లాడు, పిల్లాడు అంటూ లోపలికి చూపించింది. లోపల ఎవరో పిల్లాడు నిద్రపోతున్నాడేమో అనుకున్నాను బాబూ," అంది డా మ్యా.

రెండు వారాలకి దొర కాగితం రాశాడు. శ్రద్ధ గలవాడు, నమ్మదగినవాడు, వేళ తప్పనివాడు అని. పరీక్ష పాసయ్యాను. ఆ పదిహేను రోజులూ, ఆ తర్వాత ఓడ ఎక్కేదాకా కూడా, నా కంచం మీద మూత ఎప్పటిలాగే ఉండేది. పైడమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. రావులమ్మ అనలేదు. అప్పలసామి అయితే, తన వేళ్ళకి దెబ్బ తగలకపోతే ఇదంతా జరిగేది కాదని నా ముందే ఏడ్చాడు. నేను వాణ్ణి ఓదార్చాను. గంట సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నేను ఓడ ఎక్కే రోజు పైడమ్మ జట్టీ దాకా వచ్చి, కాగితం జాగ్రత్తగా పెట్టుకున్నావా అని అడిగింది.

ఆ కాగితంతోనే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, షాపు పెట్టాను, పిల్లల్ని చదివించాను. నలభై ఏళ్ళు నేను మధ్యాహ్నం తలుపు వేయలేదు. బడిపంతులు గారి పుణ్యాత్ముడైన కొడుకు అని జనం అన్నారు. నేను కాదనలేదు. ఇప్పుడు ఇంటింటికీ గడియారం ఉంది, వీధి వీధికీ షాపుంది, ఫోను చేస్తే ఆస్పత్రి బండి వస్తుంది. మా అబ్బాయి మూడు గంటలు మూసుకుంటే చచ్చిపోయేవాళ్ళెవరూ లేరని నాకూ తెలుసు. వాడి నిద్ర వాడిది. వాడు ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

ఇంతదాకా రాసింది ఎవరైనా క్షమించగల తప్పే. కుర్రవాడు, భయపడ్డాడు, నిద్రపోయాడు. నేను ఇన్నేళ్ళూ నా భార్యకి కూడా చెప్పనిది వేరే ఉంది. ఆ మొదటి పలక తీసినప్పుడు, మెట్టు మీద పైడమ్మనీ, చేతిలో చీటీనీ చూసిన క్షణంలో, ఆమె నోరు తెరవకముందే, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకి వచ్చిందని నాకు తెలిసిపోయింది. గౌరి అని కూడా ఎందుకో తెలిసిపోయింది. అయినా నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, తట్టలేదు, అనుకున్నాను.